రెండో కుర్చీకి పటం కడదామా?

వాలీబాల్ రూలు పుస్తకంలో అసిస్టెంట్ కోచ్ గురించి ఉన్నది రెండే ముక్కలు. బెంచీ మీద కూర్చోవాలి, ఆటలో కలగజేసుకునే హక్కు లేదు అన్నది మొదటిది. హెడ్ కోచ్ ఏ కారణం చేతనైనా జట్టును వదిలి వెళ్ళాల్సి వస్తే, కెప్టెన్ రిఫరీకి చెప్పి ఒప్పించాక ఆ పని ఇతను చేయవచ్చు అన్నది రెండోది. హెడ్ కోచ్ లేచి నిలబడొచ్చు, గీత బయట తిరుగుతూ పిల్లలకు చెప్పొచ్చు, టైమవుట్ అడగొచ్చు. ఇతను కదలకూడదు. రూలు రాసినవాళ్ళను తప్పుపట్టలేం. బెంచీ మీదున్న ఐదుగురూ లేచి అరిస్తే రిఫరీకి పిచ్చెక్కుతుంది. కాకపోతే గంటన్నర ఆట కోసం రాసిన రూలును మనం మనిషి బతుకంతటికీ వర్తింపజేశాం. ముప్పై ఏళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నవాడి పేరు ఏ గోడ మీదా కనబడదు.

అసిస్టెంట్లుగానే ఏళ్ళు గడిపిన కోచ్‌లకు, ఆటలో గొప్పవాళ్ళ పేర్లు నిలిపే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటివ్వాలా అని అమెరికాలో చాలాకాలంగా వాదులాడుకుంటున్నారు. ఈ మధ్య ఆ చర్చ మళ్ళీ చదువుతుంటే, వద్దనే పక్షం మాట అచ్చం మన స్టేడియం బయట టీ కొట్టు దగ్గర వినబడే మాటలాగే ఉంది. ఓడితే తిట్లు తినేది ఎవరో గెలిస్తే దండ వాళ్ళకే, అంతే కదబ్బా అని. వినడానికి న్యాయంగానే ఉంటుంది. నాకది సగం న్యాయం అనిపిస్తుంది. ఇవ్వాలనే నా పక్షం. అయితే ఏళ్ళు లెక్కపెట్టి ఇస్తే ఆ గౌరవానికే చెదలు పడుతుంది. అందుకే కాస్త విడమరిచి చెప్పాల్సి వస్తోంది.

మనకు హాల్ ఆఫ్ ఫేమ్ అనే భవనం లేదు. కోచ్‌లకు ఢిల్లీలో ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం ఉంది, ఇండోర్ స్టేడియం గోడ మీద పటాలున్నాయి, జిల్లా సంఘం మీటింగులో కప్పే శాలువా ఉంది. నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలోనైనా, ఒంగోలు మినీ స్టేడియంలోనైనా ప్రశ్న ఒకటే. ఎవరి పేరు రాయాలి?

బంతిలో గాలి దగ్గర్నుంచి

ముందు ఈ రెండో మనిషి పని ఏందో చూద్దాం. వాదించేవాళ్ళలో చాలామందికి అది బంతులు ఏరడం, నీళ్ళ సీసాలు అందించడం అనే ఉంది.

మే నెలలో శిబిరం. పొద్దున్నే గాలి కొట్టిన బంతులు పగలంతా రేకుల గదిలో ఉడికి సాయంత్రానికి రాళ్ళవుతాయి. బంతిలో గాలి చదరపు సెంటీమీటరుకు 0.30 నుంచి 0.325 కిలోల మధ్య ఉండాలి. అంతకు మించితే ముంజేతుల మీద పడ్డ బంతి, స్పైకర్‌కి ఎత్తి ఇచ్చే సెట్టర్‌ని దాటి నెట్ అవతలికి పోతుంది. అలా పోకుండా పిల్లలు తమకు తెలియకుండానే చేతులు వెనక్కి లాక్కోవడం అలవాటు చేసుకుంటారు. తర్వాత రాష్ట్ర పోటీలో సరైన గాలి ఉన్న బంతి వస్తే పాస్ నాలుగడుగుల ముందే చచ్చిపడుతుంది. పిల్లోళ్ళు టెన్షన్ పడ్డారు అని మనం సరిపెట్టుకుంటాం. టెన్షనూ లేదు, ఏమీ లేదు. సాయంత్రం నాలుగింటికి గేజి పెట్టి చూసే మనిషి శిబిరంలో లేడు, అంతే.

నెట్ సంగతీ ఇలాంటిదే. మగవాళ్ళకు 2.43 మీటర్లు, ఆడవాళ్ళకు 2.24. కోర్టు మధ్యలో కొలవాలి. సైడ్ లైన్ల దగ్గర దానికన్నా రెండు సెంటీమీటర్లకు మించి ఎత్తుండకూడదు. మన మట్టి గ్రౌండ్లలో పైన ఇనుప తీగకు బదులు నైలాన్ తాడు కడతారు. రాత్రి తేమకు, పగటి గాలికి అది సాగుతుంది. మధ్యలో మూడు సెంటీమీటర్లు జారినా కంటికి తెలియదు. కానీ ప్రాక్టీసులో దిగిన స్పైకే టోర్నమెంటులో టేపుకు తగిలి వెనక్కి వస్తుంది. కొలకర్ర పట్టుకుని పూటపూటకీ చూసుకోవాలి, తాడు మళ్ళీ బిగించాలి. హెడ్ కోచ్ ఈ పని చేయగా ఎవరూ చూసి ఉండరు.

వీటన్నిటికన్నా పెద్దది చేతి పని. డిఫెన్స్ నేర్పాలంటే అవతలి కోర్టులో నెట్ దగ్గర బల్ల వేసుకుని, దాని మీద నిలబడి కొట్టాలి. నేల మీద నిలబడి కొడితే బంతి ముందు పైకి లేచి తర్వాత దిగుతుంది. ఆ బంతికి అలవాటుపడ్డ కుర్రాడు కోర్టులో రెండడుగులు వెనక, నడుం వంచకుండా నిలబడతాడు. నిజమైన స్పైకర్ ఎగిరి కొట్టిన బంతి అతని ముందే పడిపోతుంది. బల్ల మీంచి కొట్టేటప్పుడు కూడా పూర్తి బలం పెట్టకూడదు. సగానికి కాస్త పైన బలంతో, ప్రతిసారీ ఒకే చోటికి కొట్టాలి. ఎవడి ఎడమ మోకాలు వంగడం లేదో, ఎవడు బంతి కొట్టకముందే కదిలిపోతున్నాడో అప్పుడే బయటపడుతుంది.

సెట్టర్‌కి బంతి వేసి ఇవ్వడంలో ఇంకో ఒడుపుంది. పదికి పది బంతులూ సరిగ్గా చేతికి వేస్తే సెట్టర్ శిబిరంలో హీరో, మ్యాచ్‌లో జీరో. నాలుగు మంచివి వేసి, నాలుగు రెండు మీటర్లు పక్కకు లాగి, రెండు నెట్‌కి అతుక్కుపోయేలా వేయాలి. ఆ వరస కూడా సెట్టర్‌కి ముందే తెలియకూడదు. అందరికీ ఒకేలా వేస్తూపోయే అసిస్టెంట్ పదేళ్ళు చేసినా పని నేర్చుకోనట్టే లెక్క.

పన్నెండు మంది పిల్లలు, ఒక్కొక్కరికి పూటకు 25 బంతులు, రెండు పూటలు, 21 రోజులు. 12,600 బంతులు. ఒక శిబిరంలో ఒక మనిషి భుజం మీదుగా పోయే బంతులు ఇవి. నలభై దాటినవాళ్ళలో చెయ్యి తల పైకెత్తి దువ్వెన పెట్టుకోవడానికే ఇబ్బంది పడేవాళ్ళు ఉన్నారంటే అది వయసు పనే అనుకోకండి.

ఇక ఊరిని బట్టి వచ్చే తెలివి ఒకటుంది. కావలి, కొత్తపట్నం వైపు సాయంత్రం సముద్రపు గాలి లేస్తుంది. ఎండ కళ్ళలో కొట్టకుండా కోర్టులు ఉత్తర దక్షిణాలుగా వేస్తారు కాబట్టి గాలి కోర్టుకు అడ్డంగా వీస్తుంది. తిరుగుడు లేని ఫ్లోట్ సర్వీసు ఆ గాలికి పడమటి గీత వైపు జారుతుంది. అక్కడి బెంచీలో ఏళ్ళు కూర్చున్నవాడు సర్వీసుకు పోయే కుర్రాడి చెవిలో తూర్పు గీత మీదికే కొట్టు, గాలే లోపలికి తెస్తుంది అంటాడు. బయటి నుంచి వచ్చిన హెడ్ కోచ్‌కి ఈ ముక్క తెలియడానికి రెండు సెట్లు పోవాలి.

వర్షాలు మనకు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి పడతాయి. సరిగ్గా స్కూల్ గేమ్స్ సెలక్షన్లప్పుడు గ్రౌండు బురద. అప్పుడు స్కూలు వరండాలో గోడకేసి ఒక్కొక్కరితో 200 పాస్‌లు చేయించి చేతులు ఆరిపోకుండా చూసేదీ ఇతనే. ఎలిజిబిలిటీ ఫారం మీద ఫొటోకి హెడ్‌మాస్టరు ముద్ర సగమైనా పడిందో లేదో చూసేదీ ఇతనే. ఆ ముద్ర లేక మంచి అటాకర్ రాష్ట్ర పోటీ గుమ్మం దగ్గర్నుంచి వెనక్కి వచ్చాడంటే ఏ వ్యూహమూ కాపాడదు.

లెక్క తేలదు అంటారు

వద్దనేవాళ్ళ బలమైన మాట ఇది. హెడ్ కోచ్‌కైతే గెలుపోటముల పట్టిక ఉంది, అసిస్టెంట్‌కి ఏం ఉంది? అతని వల్లే గెలిచారని ఎట్లా రుజువు చేస్తారు?

పట్టిక ఉంది. భద్రంగా దాచడమే లేదు. మంచి అసిస్టెంట్ బెంచీ మీద ఊరికే కూర్చోడు, ఒళ్ళో కాగితం ఉంటుంది. ఎదుటి సర్వీసును అందుకునే ప్రతి రిసీవ్‌కీ ఒక అంకె వేస్తాడు. సెట్టర్‌కి మూడు దారులూ తెరిచే పాస్ అయితే 3, రెండు దారులైతే 2, ఎత్తి వేయడం తప్ప గతిలేకపోతే 1, పాయింటే పోతే 0. ఇరవై సర్వీసులకు సగటు 2 దాటితే జట్టు తన ఆట తాను ఆడుతోంది. 1.6 అయితే ఎదుటివాళ్ళు ఆడిస్తున్నారు. రెండో సెట్ సగంలో ఆ కాగితం చూసి, ఐదో స్థానంలో ఉన్న పిల్లాడినే ఏరి కొడుతున్నారు, వెనక వరసలో డిఫెన్స్ ఆడే లిబెరోని అటు జరపండి అని హెడ్ కోచ్ చెవిలో వేస్తాడు. హెడ్ కోచ్ టైమవుట్ అడుగుతాడు. 30 సెకన్లు. మర్నాడు పేపర్లో, వ్యూహం మార్చి గట్టెక్కించిన కోచ్.

ఇందులో హెడ్ కోచ్ మోసమేమీ లేదు. వినాలా వద్దా అని తేల్చింది అతనే, తప్పయితే తిట్లూ అతనికే. నేను అడిగేది ఆ కాగితాల సంగతి. శిబిరం మొదటి వారం సగటు ఎంత, చివరి వారం ఎంత? హెడ్ కోచ్‌లు ముగ్గురు మారినా ఆ జట్టు రిసీవ్ అలాగే నిలబడిందా? ఐదేళ్ళ కాగితాలు కట్టగట్టి ఉంచితే గెలుపోటముల పట్టిక కన్నా ఇదే జాస్తి నిజం చెబుతుంది. టోర్నమెంటు ముగిశాక ఆ కాగితంలోనే దారిలో తినడానికి పులిహోర కడతారు, అదీ మన గొడవ.

అమెరికా బేస్‌బాల్‌లో ఇదే చిక్కు ఇంకో రూపంలో ఉంది. లియో మజోన్ అట్లాంటా జట్టుకు 1990 నుంచి 2005 దాకా పిచింగ్ కోచ్, అంటే బంతి విసిరే పిచ్చర్లకు నేర్పేవాడు. అతని చేతికింద ఆడిన పిచ్చర్లు మాడక్స్, గ్లావిన్ 2014లో, స్మోల్ట్జ్ 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళారు. మేనేజర్ బాబీ కాక్స్ కూడా 2014లోనే. మజోన్ మాత్రం బయటే ఉన్నాడు. అన్యాయం అనిపిస్తుంది కదా? అయితే అదే మజోన్ తర్వాత బాల్టిమోర్‌కి వెళ్ళి రెండేళ్ళు ఉన్నాడు. అట్లాంటా మాయ అక్కడ జరగలేదు. గొప్పతనం ఎవరిది, పిచ్చర్లదా, కోచ్‌దా? ఈ సంగతి ముందు పెట్టి ఎవరైనా గట్టిగా నిలదీస్తే నా దగ్గర తేలిక జవాబు లేదు. ఒక్కటి మాత్రం అంటాను. హెడ్ కోచ్‌లకూ ఇదే జరుగుతుంది, ఒకచోట వెలిగి ఇంకోచోట ఆరిపోయినవాళ్ళు కొల్లలు. వాళ్ళ విషయంలో ఈ అనుమానం అడ్డు రాదేం?

శిష్యుడు ముందు, గురువు వెనక

బాస్కెట్‌బాల్‌లో టెక్స్ వింటర్ కథ ఈ వాదనకంతటికీ గుండెకాయ. ఒక పక్కన ముగ్గురు త్రికోణంలో నిలబడి, ఎదుటి డిఫెన్స్ ఎటు కదిలితే దానికి విరుగుడుగా బంతిని తిప్పే ట్రయాంగిల్ పద్ధతి మీద 1962లోనే పుస్తకం రాశాడు. 1985లో షికాగో బుల్స్‌కి అసిస్టెంట్‌గా వచ్చాడు. 1989లో ఫిల్ జాక్సన్ హెడ్ కోచ్ అయ్యాకే ఆ పద్ధతికి తలుపు తెరుచుకుంది. అప్పటికి వింటర్ వయసు 67. బుల్స్‌తో ఆరు, లేకర్స్‌తో మూడు, మొత్తం తొమ్మిది టైటిళ్ళు. జాక్సన్ 2007లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళాడు. వింటర్ 2011లో, 89 ఏళ్ళకు వెళ్ళాడు. పక్షవాతం వచ్చి రెండేళ్ళయింది అప్పటికి.

అతను కాన్సస్ స్టేట్‌లో హెడ్ కోచ్‌గా చేసిన పని చూసి ఇచ్చారులే అంటారు కొందరు. కావచ్చు. 1958లో, 1964లో ఆ జట్టును జాతీయ పోటీ చివరి నాలుగులోకి తెచ్చాడు. కానీ ఆ లెక్క 1968 నాటికే పూర్తయింది. అది చాలితే నలభై ఏళ్ళకు పైగా గుమ్మం బయట ఎందుకు నిలబెట్టారు?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో డిక్ లెబో సంగతి ఇంకా విడ్డూరం. డిఫెన్స్ కోఆర్డినేటర్‌గా జోన్ బ్లిట్జ్ అనే ఎత్తుకు పేరు తెచ్చినవాడు. సిన్సినాటికి హెడ్ కోచ్‌గా చేసినప్పుడు 12 గెలిచి 33 ఓడాడు. మళ్ళీ రెండో కుర్చీకి వచ్చి పిట్స్‌బర్గ్‌తో రెండు సూపర్ బౌల్స్ గెలిచాడు. 2010లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి తీసుకున్నారు, ఆటగాడిగా! రెండో కుర్చీ మొదటి కుర్చీకి మెట్టని, అది ఎక్కలేనివాడు చేతకానివాడని అనుకునేవాళ్ళు ఈ 12-33 దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. రెండూ వేర్వేరు విద్యలు. పడవ నడిపేవాడూ వల అల్లేవాడూ ఒకరే కానక్కర్లేదని మన తీరంలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ద్రోణుడి పేరే ఎందుకు పెట్టారు

ద్రోణాచార్య పురస్కారం 1985లో మొదలైంది. మొదటిసారి అందుకున్న ముగ్గురు పి.టి. ఉష గురువు ఓ.ఎం. నంబియార్, కుస్తీలో భాగవత్, బాక్సింగ్‌లో ఓం ప్రకాశ్ భరద్వాజ్. ముగ్గురివీ ఒంటరి ఆటలే. ఒక గురువు, ఒక శిష్యుడు, ఒక పతకం. ఆ అచ్చులోనే పురస్కారం తయారైంది. శిష్యుల పతకాలను బట్టి మార్కులు. జట్టు ఆటలకు ఆ అచ్చు ముందు నుంచే బిగుతు. పతకం వచ్చిన రోజున బెంచీలో మొదటి కుర్చీ ఎవరిదో వాళ్ళకే మార్కులు పడతాయి.

ఆ మాటకొస్తే భారతంలో కురుపాండవులకు విలువిద్య మొదట నేర్పింది కృపుడు. ద్రోణుడు తర్వాత వచ్చాడు. యుద్ధంలో భీష్ముడు పడ్డాడు, ద్రోణుడు, కర్ణుడు, శల్యుడు, సేనాపతులు ఒకరి తర్వాత ఒకరు పోయారు. కృపుడు ఉన్నాడు. చివరికి పరీక్షిత్తుకు విద్య నేర్పింది కూడా ఆయనే. హెడ్ కోచ్‌లు నలుగురు మారినా కదలని మనిషిని మన పెద్దలు చిరంజీవుల్లో లెక్కేశారు, పురస్కారానికి మాత్రం పేరు పెట్టలేదు.

ఏళ్ళు కొలబద్ద కాదు

ఇక్కడ నా పక్షం వాళ్ళతోనే పేచీ. ఇరవై ఐదేళ్ళు అసిస్టెంట్‌గా ఉన్నాడు కాబట్టి ఇవ్వండి అంటారు. ద్రోణాచార్యలో జీవితకాల విభాగం ఇరవై ఏళ్ళ లెక్క మీదే నడుస్తుంది కాబట్టి ఆ ఊపు మనవాళ్ళకూ ఉంది. కానీ ఎవరితోనూ పేచీ పెట్టుకోవడం ఇష్టం లేక, ఏ హెడ్ కోచ్ వచ్చినా తలూపి, బంతుల సంచి మోసి రిటైరైనవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. హాల్ ఆఫ్ ఫేమ్‌కి మాత్రం కారు.

దీనికి ఎదురుగా కిమ్ జీ హ్యున్‌ని చూడండి. కొరియా నుంచి వచ్చిన ఆమె సింధుతో పనిచేసింది నెలలే. 2019 ఆగస్టులో బాసెల్‌లో సింధు 21-7, 21-7తో ఒకుహారాను ఓడించి ప్రపంచ చాంపియన్ అయినప్పుడు ఆ ఆటలో కిమ్ చెయ్యి ఉందని బ్యాడ్మింటన్ తెలిసినవాళ్ళంతా ఒప్పుకున్నారు. కొద్ది రోజులకే సొంత కారణాలతో వెళ్ళిపోయింది. చీఫ్ కోచ్ గోపీచంద్. అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన మనవాడు. గోపీచంద్‌నే తీసుకుంటే, ఆయనకు నేర్పిన వాళ్ళలో ఎస్.ఎం. ఆరిఫ్‌కి 2000లో ద్రోణాచార్య వచ్చింది. చిన్నప్పుడు రాకెట్ పట్టించిన హమీద్ హుస్సేన్ పేరు ఎంతమందికి తెలుసు? మొదటి గురువు సమస్య వేరు, అసిస్టెంట్ సమస్య వేరు, ఒప్పుకుంటాను. ఇద్దరూ ఇరుక్కునేది మాత్రం ఒకే సందులో. కెమెరా తిరిగినప్పుడు ఫ్రేములో లేకపోవడం.

కాబట్టి కొలవాల్సింది అతను వదిలి వెళ్ళిన పని. అతను వెళ్ళాక కూడా ఆ డ్రిల్లు నడుస్తోందా? వేరే జట్లు దాన్ని ఎత్తుకెళ్ళాయా? మూడు తరాల ఆటగాళ్ళు, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, అదే పేరు చెబుతున్నారా? భారత క్రికెట్ జట్టులో సైడ్ ఆర్మ్ అనే బంతి విసిరే సాధనం పట్టుకుని నెట్స్‌లో బంతులు విసిరే రాఘవేంద్ర పేరు ఇలాగే బయటికొచ్చింది. ఫాస్ట్ బౌలింగ్ ఆడటంలో తన ఎదుగుదలకు అతనే కారణమని కోహ్లీ నలుగురిలో చెప్పాడు. అంతకన్నా పెద్ద సాక్ష్యం ఏ స్కోరుకార్డు ఇస్తుంది?

పక్క గది వద్దు

ఇవన్నీ విన్నాక కొందరు మధ్యేమార్గం చెబుతారు. వాళ్ళకు వేరే పురస్కారం పెడదాం అని. అమెరికన్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ 2022లో ఇదే చేసింది. అసిస్టెంట్ కోచ్‌లు, ట్రైనర్లు, సామాను చూసేవాళ్ళు, ప్రచారం చూసేవాళ్ళు, అందరినీ కలిపి ఒక ఎక్స్‌లెన్స్ అవార్డు. ఏమీ లేనిదానికన్నా నయమే. కానీ పెళ్ళిలో వంటవాళ్ళకు వెనక వసారాలో ఆకు వేసినట్టుంది. భోజనం అదే, పంక్తి వేరు.

రాహుల్ ద్రవిడ్ ఈ పంక్తి సంగతి రెండుసార్లు చూపించాడు. 2018లో అండర్-19 ప్రపంచకప్ గెలిచినప్పుడు బోర్డు అతనికి 50 లక్షలు, సహాయ సిబ్బందికి 20 లక్షలు ప్రకటిస్తే, ఈ తేడా ఏందని అడిగాడు. చివరికి అందరికీ 25 లక్షలు చేశారు. 2024లో టీ20 ప్రపంచకప్ తర్వాత తనకు ఐదు కోట్లు వస్తుంటే, తన అసిస్టెంట్లకు ఇచ్చే రెండున్నర కోట్లే తనకూ చాలన్నాడని పత్రికలన్నీ రాశాయి. డబ్బు సర్దుబాటైంది. పేరు సర్దుబాటు కాలేదు, డబ్బంత తేలిగ్గా అది పంచుకోవడానికి రాదు మరి.

ఒంగోలు గిత్తల బండలాగుడులో మైకులో వినబడేది ఊరి పేరు, యజమాని పేరు, లాగిన దూరం. ఉలవలు పెట్టి, తెల్లారకముందే లేచి కాడి అలవాటు చేసినవాడి పేరు మైకులోకి రాదు. అయినా ఏ జత ఎవరి చేతిలో తయారైందో పందెం చూసేవాళ్ళకు నోటికి వచ్చు. ఆటలో కూడా అంతే, లోపలివాళ్ళకు తెలుసు. మరి లోపలివాళ్ళ ఓటు ఎందుకు అడగరు? కమిటీలో సగం మంది ఆ కోచ్ చేతికింద ఆడినవాళ్ళు, సగం మంది అతనికి ఎదురుగా ఆడినవాళ్ళు ఉంటే చాలు. ఎదుటి జట్టు సాక్ష్యానికే నేనైతే జాస్తి విలువ ఇస్తాను. శిష్యులకు మొహమాటం ఉంటుంది. రెండు సెట్లు పోగొట్టుకున్నవాడికి ఉండదు.

స్కోర్‌షీట్ కింద అధికారుల గడులుంటాయి. కోచ్‌కి, అసిస్టెంట్ కోచ్‌కి, ట్రైనర్‌కి, డాక్టర్‌కి వేరువేరుగా. మన జిల్లా టోర్నమెంట్లలో మొదటి గడి నింపి, కెప్టెన్‌తో కోచ్‌తో సంతకం పెట్టించుకుని, మిగతావి అలాగే వదిలేసి విజిల్ వేస్తారు. స్కోరర్ చేతిలో పెన్ను ఉంటుంది, ఆ మనిషి ఎదురుగానే బెంచీ చివర కాగితం మడిచి పెట్టుకుని కూర్చుని ఉంటాడు. పేరు అడిగి రాయడానికి పది సెకన్లు పట్టదు.